ఘాట్ మలుపులో నాలుగు లైట్లు ఒకేసారి వెలిగి కారు లింప్ మోడ్‌లోకి వెళ్లింది: ఏబీఎస్ మాడ్యూల్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: లాసన్స్ బే డీజిల్

అందరికీ నమస్కారం. నాది 2021లో కొన్న బీఎస్-6 డీజిల్ కారు, మాన్యువల్ గేర్లది. మా ఇల్లు విశాఖ లాసన్స్ బే కాలనీలో కావడంతో బండి ఎప్పుడూ సముద్రపు గాలికి ఆరుబయటే ఉంటుంది. ఈ మధ్య కుటుంబంతో అరకు బయలుదేరి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా, ఒక హెయిర్‌పిన్ మలుపులో స్టీరింగ్ దాదాపు చివరిదాకా తిప్పిన సమయంలో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఈఎస్‌సీ (బండి జారకుండా అదుపు చేసేది), స్టీరింగ్, చెక్ ఇంజన్ లైట్లు నాలుగూ ఒక్కసారిగా వెలిగాయి. స్టీరింగ్ క్షణకాలం బరువెక్కి మళ్లీ తేలికైంది కానీ పికప్ మాత్రం పూర్తిగా పడిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ 2500 ఆర్‌పీఎం దాటలేదు, అంటే ఇంజన్ తనను కాపాడుకోవడానికి శక్తి తగ్గించుకునే లింప్ మోడ్‌లోకి వెళ్లిందన్నమాట. అప్పుడు వాన పడుతోంది, ఏసీ, వైపర్లు, హెడ్‌లైట్లు అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే చెక్ ఇంజన్ తప్ప మిగిలిన లైట్లు ఆరిపోయాయి, బండి మామూలుగానే కొండ ఎక్కింది.

తిరిగి వచ్చాక వర్క్‌షాపులో స్కానింగ్ పెట్టించాను. రిపోర్టులో ఇంజన్ విభాగం కింద పీ0562, యూ0121 కోడ్లు, ఏబీఎస్ విభాగం కింద యూ0100 కోడు, స్టీరింగ్ విభాగం కింద సరఫరా వోల్టేజీ తక్కువ అనే వాక్యం ఉన్నాయి. ఏబీఎస్ యూనిట్ మిగిలిన యూనిట్లతో మాట్లాడడం లేదు కాబట్టి ఆ మాడ్యూల్ మొత్తం మార్చాలని చెప్పి, కోడ్లు చెరిపేసి బండి ఇచ్చేశారు. మాడ్యూలుకు వాళ్లు చెప్పిన ఖరీదు నాకు చాలా భారం. మరో గ్యారేజీ వారు బండి నడిపి చూసి, ఇది టర్బో యాక్చుయేటర్ (ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ప్రెషర్‌ను నియంత్రించే భాగం) చెడిన లక్షణమన్నారు. ఈలోగా ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర రద్దీలో నెమ్మదిగా యూటర్న్ తీసుకుంటుండగా మళ్లీ అదే జరిగింది. ఆ తర్వాత కోడ్లు ఎవరి చేతా చెరిపించలేదు.

ఇంకొక విషయం కూడా చెప్పాలి, సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. బ్యాటరీ పోయిన ఏడాదే మార్చాను, అయినా కొంతకాలంగా పొద్దున్నే సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నప్పుడు దేనికి డబ్బు పెట్టాలో నిర్ణయించుకోవడం ఎలా? పిల్లలతో ప్రయాణించే బండి కాబట్టి నాకు బాగా ఆందోళనగా ఉంది.

సమాధానం: ఆటోనగర్ ఎలక్ట్రికల్

నమస్కారమండి. గాజువాక ఆటోనగర్‌లో చాలాకాలంగా కార్ల వైరింగ్ పని చేస్తున్నాను. దయచేసి ఇప్పుడే మాడ్యూలుకు ఆర్డర్ ఇవ్వకండి. సంబంధం ఉందో లేదో తెలియదంటూ మీరు చివర్లో రాసిన సెల్ఫ్ సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది.

ఏబీఎస్, స్టీరింగ్, ఇంజన్ మూడూ వేర్వేరు యూనిట్లు. మూడూ విడివిడిగా ఒకే సెకనులో చెడిపోవడం జరిగే పని కాదు. అందువల్ల ముందు ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి: కరెంటు సరఫరా, ఎర్తు, యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైర్లు. మేడ మీద ట్యాంకులో నీళ్లు అడుగంటితే ఇంట్లో కుళాయిలన్నీ మార్చం కదా. మీ రిపోర్టులోని పీ0562 అంటే బండి మొత్తం సరఫరా వోల్టేజీ తగ్గిపోయిందని ఇంజన్ ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, స్వయంగా చెబుతోంది. యూ0121 అంటే ఏబీఎస్ నుంచి తనకు సందేశాలు రావడం లేదని ఇంజన్ యూనిట్, యూ0100 అంటే ఇంజన్ నుంచి తనకు రావడం లేదని ఏబీఎస్ యూనిట్ ఒకరిమీద ఒకరు చేసిన ఫిర్యాదులు. వోల్టేజీ పడిపోయి యూనిట్లు క్షణకాలం ఆగి తిరిగి లేస్తే సరిగ్గా ఇలాంటి పరస్పర ఫిర్యాదులే నమోదవుతాయి. యూ0121 ఒక్కదాన్నే చదివి ఏబీఎస్ మాడ్యూల్ పోయిందనడం సరికాదని నా అభిప్రాయం.

ఇక మలుపులోనే ఎందుకు జరిగిందంటే, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటారు తిన్నగా వెళుతున్నప్పుడు పెద్దగా కరెంటు తీసుకోదు, కానీ బండి నెమ్మదిగా ఉండి చక్రం చివరిదాకా తిప్పినప్పుడు ఆ కొద్ది క్షణాలూ 60 ఆంపియర్లు కూడా దాటవచ్చు. ఆ సమయంలో ఇంజన్ వేగం తక్కువగా ఉంటుంది కాబట్టి ఆల్టర్నేటర్, అదే మనం షెడ్లలో డైనమో అనేది, ఇవ్వగలిగిందీ తక్కువే. దానికి తోడు వాన, ఏసీ, వైపర్లు, హెడ్‌లైట్లు. లోటును బ్యాటరీ భర్తీ చేయాలి. బ్యాటరీలో నిల్వ లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా కూలుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, సమాచారం అందని ఈసీయూ ఇంజన్‌ను కాపాడుకోవడానికి డీజిల్‌నూ టర్బో ప్రెషర్‌నూ తగ్గించి లింప్ మోడ్‌లోకి వెళుతుంది. కొండ మీద జరిగిందీ ఎన్‌ఏడీ దగ్గర జరిగిందీ ఒకటే సంఘటన.

పోయిన ఏడాదే మార్చిన బ్యాటరీలో నిల్వ ఎందుకు లేదన్నదే అసలు ప్రశ్న. బ్యాటరీ పాడై ఉండవచ్చు, డైనమో బలహీనమై ఉండవచ్చు. అయితే మీరు సముద్రం పక్కన ఉంటున్నారు. బీచ్ రోడ్డు వైపు నుంచి, రుషికొండ, భీమిలి నుంచి వచ్చే బండ్లలో నేను మొదట చూసేది ఇంజన్‌కూ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఉండే ఎర్తు పట్టీలనే. పైకి ఇన్సులేషన్ బాగానే కనిపిస్తుంది. బోల్టు విప్పి చూస్తే లగ్గు (పట్టీ చివర బోల్టు పట్టే లోహపు కన్ను) అడుగున పచ్చని చిలుము, దాని కింద బాడీ షీటు మీద తుప్పు పొర ఉంటాయి. సెల్ఫ్ మోటారు కరెంటు వెనక్కి తిరిగి వచ్చేది ఆ పట్టీ మీదుగానే, డైనమో బ్యాటరీని ఛార్జ్ చేసేది కూడా ఆ దారిలోనే. అందుకే ఎర్తు సరిగా లేని బండిలో పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, కొత్త బ్యాటరీ అయినా ఎప్పుడూ సగం ఛార్జ్‌తోనే ఉండిపోతుంది.

దీన్ని పరీక్షించడానికి మామూలు మల్టీమీటరు చాలు, కానీ రెసిస్టెన్స్ కొలిస్తే లాభం లేదు. పట్టీలో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు సున్నాకు దగ్గరగానే చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడు ఎంత వోల్టేజీ నష్టమవుతోందో కొలవాలి. మీటరును డీసీ వోల్టులలో పెట్టి, ఒక ప్రోబును బ్యాటరీ నెగటివ్ సీసపు స్తంభం మీదనే, క్లాంపు మీద కాదు, రెండోదాన్ని ఇంజన్ బ్లాకు మీద రంగు లేని లోహం మీద ఆనించి, మరొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టుల లోపు ఉంటే పరవాలేదు. తర్వాత ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసి, బ్యాటరీ నెగటివ్‌కూ డైనమో బాడీకీ మధ్య కొలవండి. 0.2 వోల్టులు దాటకూడదు. దాటిందంటే దారి దొరికినట్టే.

ఒక్క హెచ్చరిక. డైనమో పనిచేస్తోందో లేదో చూడడానికి ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు ఇప్పటికీ కొన్ని షెడ్లలో ఉంది. మీ బండి మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. ఆ క్షణంలో డైనమో నుంచి పుట్టే అధిక వోల్టేజీ ఈసీయూలను నిజంగానే కాల్చేస్తుంది. అప్పుడు మాడ్యూల్ మార్చక తప్పదు.

సమాధానం: డయాగ్నస్టిక్స్ బోధకుడు

ఆటోనగర్ మిత్రుని విశ్లేషణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆటోమొబైల్ విద్యార్థులకు డయాగ్నస్టిక్స్, అంటే లోపాలు కనిపెట్టే విధానం, చెప్పే వ్యక్తిగా, పట్టీ విప్పే ముందు చేయవలసిన ఒక పనిని గుర్తు చేస్తాను. చెక్ ఇంజన్ లైటు వెలిగిన క్షణంలో ఈసీయూ ఫ్రీజ్ ఫ్రేమ్ పేరుతో బండి స్థితిని దాచుకుంటుంది: వేగం, ఆర్‌పీఎం, ఇంజన్ ఉష్ణోగ్రత, ఇంజన్ మీది లోడు, చాలా బండ్లలో ఈసీయూకు అందుతున్న వోల్టేజీ కూడా. కోడ్లు చెరిపితే అదంతా పోతుంది. మొదటి వర్క్‌షాపులో జరిగిన అసలు నష్టం అదే. ఎన్‌ఏడీ దగ్గర జరిగినదాన్ని ఇంకా చెరపలేదన్నారు కాబట్టి, బ్యాటరీ టెర్మినల్ తీయక ముందే ఆ ఫ్రీజ్ ఫ్రేమ్‌ను చదివించి ఫొటో తీసుకోండి. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ అడాప్టర్లు సాధారణంగా ఇంజన్ కోడ్లను మాత్రమే చదువుతాయి. ఏబీఎస్, స్టీరింగ్ విభాగాలు చూడాలంటే అన్ని సిస్టమ్‌లనూ చదివే స్కానర్ కావాలి. ఫ్రీజ్ ఫ్రేమ్ చూడడానికైతే ఆ చవక అడాప్టరైనా సరిపోతుంది.

టర్బో యాక్చుయేటర్ అన్నవారిని ఒక్క ప్రశ్న అడగండి: పీ0299 వంటి బూస్ట్ ప్రెషర్ కోడు ఏదైనా ఉందా అని. టర్బో వల్ల లింప్ మోడ్ వచ్చే మాట వాస్తవమే, ఘాట్ ఎక్కేటప్పుడే అది ఎక్కువగా బయటపడే మాటా వాస్తవమే. కానీ టర్బో లోపానికి స్టీరింగ్ బరువెక్కదు. అలాగే బీఎస్-6 డీజిల్ కాబట్టి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) మసితో నిండి లింప్ మోడ్ వచ్చిందా అని ఎవరైనా అనవచ్చు. అప్పుడు పీ2463 లాంటి మసి కోడు, చాలా బండ్లలో డీపీఎఫ్ లైటు ముందుగా వస్తాయి. ఆఫ్ చేసి ఆన్ చేయగానే అది సర్దుకోదు.

ఎర్తు బాగానే ఉందని తేలితే తర్వాత చూడవలసినవి చెబుతాను. ఏబీఎస్, ఈఎస్‌సీ లైట్లతో పాటు పికప్ పడిపోవడానికి బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్చు చాలా సాధారణమైన కారణం. అందులోని రెండు కాంటాక్టులు ఒకదానికొకటి పొంతన లేని సమాచారం ఇస్తే పీ0504 వస్తుంది. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కుతున్నారని అనుమానించి ఈసీయూ శక్తి తగ్గిస్తుంది. దాని ఖరీదు మాడ్యూలు ఖరీదుతో పోల్చదగినదే కాదు. క్యాన్ వైర్ల విషయానికొస్తే, బ్యాటరీ డిస్కనెక్ట్ చేసి, డ్యాష్‌బోర్డు కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలిస్తే దాదాపు 60 ఓములు రావాలి, ఎందుకంటే లైను రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి. 120 వస్తే ఒక చివరి రెసిస్టర్ లైనులో లేదని, అంటే ఎక్కడో తీగ తెగి ఉండవచ్చని అర్థం. సాకెట్‌కూ లోపలి లైనుకూ మధ్య గేట్‌వే (సందేశాలను అటూ ఇటూ అందించే మధ్యవర్తి యూనిట్) ఉన్న కార్లలో మాత్రం ఈ కొలత లోపలి లైను గురించి ఏమీ చెప్పదు.

వోల్టేజీ అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో పూర్తి ఛార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 అంటే సుమారు సగమే. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.7 వరకు రావాలన్నది పాత బండ్ల లెక్క. ఇప్పటి కార్లలో ఈసీయూ ఆధీనంలో పనిచేసే స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటే, డీజిల్ ఆదా కోసం అది కావాలనే కొంతసేపు 13 లోపు ఉంచుతుంది. ఆ ఒక్క అంకె చూసి డైనమో మార్చేయకూడదు. హెడ్‌లైట్లు, బ్లోయరు వేశాక పెరుగుతోందా లేదా చూడాలి. మీ కారులో ఐడిల్ స్టాప్-స్టార్ట్ (ఆగినప్పుడు ఇంజన్ తనంతట ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే) సదుపాయం ఉంటే, పోయిన ఏడాది వేసిన బ్యాటరీ కంపెనీ చెప్పిన, దాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమేనా అన్నదీ బిల్లులో చూసుకోండి.

సమాధానం: అరకు రూటు

నేను టూరిస్టు బండి నడుపుతాను. రిపేరు గురించి పెద్దలు చెప్పారు, ఘాట్‌లో ఇలా జరిగితే చేయవలసినదాన్ని గురించి రాస్తాను, ఎందుకంటే మీ పిల్లలు బండిలో ఉన్నారని చదివాను.

పికప్ పోయిన వెంటనే మలుపు మధ్యలో ఇంజన్ ఆపకండి. ఇంజన్ ఆగితే స్టీరింగ్ సాయం పోతుంది, ఒకటి రెండు సార్లు తొక్కాక బ్రేకు కూడా రాయిలా గట్టిపడుతుంది. హజార్డ్ లైట్లు వేసి, మొదటి గేరులో నెమ్మదిగా పైకి లాగి, వెనక వచ్చే బస్సుకు మీరు దూరం నుంచే కనిపించే చోట ఎడమ పక్కకు ఆపాలి. పసుపు లైట్లయితే అలా లాక్కుపోవచ్చు. ఎర్రటి ఆయిల్ గుర్తు గానీ, ఇంజన్ వేడి గుర్తు గానీ వెలిగితే మాత్రం ఉన్నచోటే వీలైనంత పక్కకు ఆపి ఇంజన్ కట్టేయాలి, ఒక్క ఫర్లాంగు కూడా నడపకూడదు. బ్యాటరీ ఎర్ర గుర్తు వెలిగితే ఏసీ, మ్యూజిక్ ఆపేసి దగ్గరలోని ఊరు చేరుకోవాలి. ఆగిన చోట మరొకరి చేత చక్రాల కింద రాళ్లు పెట్టించాకే మీరు దిగండి. వానలో ఘాట్ దిగేటప్పుడు ఏబీఎస్ లైటు వెలిగే ఉంటే, మామూలు బ్రేకు పనిచేస్తుంది కానీ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. అందుకని రెండో గేరు వదలకుండా ఇంజన్ బ్రేకు మీదే దిగండి. ఈ లోపం సరయ్యే వరకు ఆ బండితో కుటుంబాన్ని ఘాట్‌కు తీసుకువెళ్లవద్దని నా విన్నపం.

సమాధానం: లాసన్స్ బే డీజిల్

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా ఫ్రీజ్ ఫ్రేమ్ చదివించాను. వేగం గంటకు 9 కిలోమీటర్లు, ఈసీయూకు అందిన వోల్టేజీ 9.8. ఆ అంకె చూపించగానే, కొలతలకు పిలిచిన మెకానిక్ టర్బో మాట ఎత్తలేదు.

రాత్రి నిలిపి ఉంచిన బండిలో పొద్దున బ్యాటరీ 12.1 దగ్గర ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య 1.1 వోల్టులు వచ్చింది. ఇంజన్ నడుస్తుండగా లైట్లు, బ్లోయరు అన్నీ వేసి డైనమో బాడీ దగ్గర కొలిస్తే 0.7. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి వెళ్లే తీగ మాత్రం బాగానే ఉంది, అక్కడ 0.04 మాత్రమే వచ్చింది. బ్యాటరీ ట్రే తీశాక గేర్‌బాక్స్ మీద బిగించిన పట్టీ కనిపించింది. లగ్గు దగ్గర అల్లిక పోగులు చాలావరకు చిలుము పట్టి తెగిపోయి, కొన్ని మాత్రమే పట్టుకుని ఉన్నాయి. బోల్టు కింద తెల్లటి పొడి. ఫొటోలు తీసి ఉంచాను.

పట్టీ మార్చే ముందు రెండు సందేహాలు. పాత లగ్గునే శుభ్రం చేసి వాడవచ్చా, కొత్తదే వేయించాలా? బ్యాటరీ తీసి పెట్టాక స్టీరింగ్, ఈఎస్‌సీ లైట్లు మళ్లీ వెలుగుతాయని మెకానిక్ అంటున్నారు, నిజమేనా?

సమాధానం: ఆటోనగర్ ఎలక్ట్రికల్

1.1 వోల్టులంటే ఇక సందేహించాల్సిన పని లేదండి. పోగులు తెగిన పట్టీని శుభ్రం చేసి వాడవద్దు. అదే మందం గల కొత్త పట్టీ, కంపెనీదే దొరికితే మరీ మంచిది, వేయించండి. సన్నటి వైరు ముక్కతో సరిపెడతామంటే ఒప్పుకోకండి. సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు అందులోంచి పారాలి. బిగించే చోట గేర్‌బాక్స్ అల్యూమినియం మీద, బాడీ షీటు మీద లోహం మెరిసే దాకా వైరు బ్రష్‌తో రుద్దించండి. బిగించిన తర్వాతే పైన గ్రీజు లేదా వ్యాక్స్ స్ప్రే పూయాలి, ముందు కాదు. వైర్లను కలిపే కప్లర్ల లోపలి పిన్నులను మాత్రం గరుకు కాగితంతో రుద్దనివ్వకండి. వాటి పూత లేచిపోతే తర్వాత ఇంకా త్వరగా చిలుము పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ చాలు.

మెకానిక్ చెప్పింది నిజమే. బ్యాటరీ తీసి పెట్టాక చాలా కార్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ తన మధ్య స్థానాన్ని మరచిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా చక్రాన్ని పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, మధ్యకు తెచ్చి, కొంతదూరం తిన్నగా నడిపితే ఆ లైట్లు వాటంతట అవే ఆరిపోతాయి. ఆరకపోతే స్కానర్‌తో క్యాలిబ్రేట్ చేయించాలి, అది చిన్న పనే. పవర్ విండోల ఆటో సదుపాయాన్ని మళ్లీ నేర్పాల్సి రావచ్చు.

సగం ఛార్జ్‌తో ఇన్నాళ్లు నడిచిన బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని ఉండవచ్చు. పట్టీ వేశాక దాన్ని బండిలో నుంచి తీసి ఛార్జర్ మీద నెమ్మదిగా పూర్తిగా ఛార్జ్ చేయించి, ఒక రోజు ఆగి లోడ్ టెస్ట్ చేయించండి. సెల్ఫ్ లోడు మీద 9.6 వోల్టుల కిందికి పడితే వారంటీలో మార్పించుకునే ప్రయత్నం చేయండి. కొత్త పట్టీతో అవే రెండు కొలతలు మళ్లీ తీసుకుని, పాత కోడ్లన్నీ అప్పుడు చెరిపించండి. ఆ తర్వాత ఖాళీగా ఉన్న చోట, ఏసీ, లైట్లు అన్నీ వేసి, నెమ్మదిగా వెళుతూ స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఏ లైటూ రాకపోతే అరకుకు ధైర్యంగా బయలుదేరవచ్చు. వస్తే కొత్త కోడ్లూ ఫ్రీజ్ ఫ్రేమూ ఇక్కడ పెట్టండి, బ్రేక్ స్విచ్చు నుంచి మొదలుపెడదాం.